పట్టా తేలని ఆట

స్టీఫెన్ కిక్ 2012లో ఉద్యోగం మానేశాడు. అమెరికాలో సోనీ ఆన్‌లైన్ ఎంటర్‌టైన్‌మెంట్ సంస్థలో, ఆటల్లో కనిపించే మనుషులకు రూపం దిద్దడం అతని పని. చేసి చేసి అలసిపోయాడు. స్నేహితురాలిని వెంటబెట్టుకుని మెక్సికో మీదుగా మధ్య అమెరికా దేశాలు తిరగడానికి బయల్దేరాడు. సామాన్లలో ఓ చిన్న ల్యాప్‌టాప్, తీరిక దొరికితే ఆడుకుందామని కొన్ని పాత కంప్యూటర్ ఆటలు పెట్టుకున్నాడు. గ్వాటెమాలాలో ఉండగా వాటిలో ఒకటి తెరిచాడు. పేరు 'సిస్టమ్ షాక్ 2'. అది నడవలేదు.

ఆ ఆట గురించి కొంచెం చెప్పుకోవాలి. 1999 ఆగస్టులో వచ్చింది. లుకింగ్ గ్లాస్ అనే సంస్థ, అందులో పనిచేసి బయటికొచ్చిన ముగ్గురు మిత్రులు పెట్టుకున్న ఇర్రేషనల్ గేమ్స్ కలిసి చేశాయి. కథ 2114లో జరుగుతుంది. వాన్ బ్రాన్ అనే అంతరిక్ష నౌకలో ఒంటరిగా కళ్లు తెరిచిన సైనికుడు. చుట్టూ చచ్చినవాళ్లు, చచ్చి కూడా నడుస్తున్నవాళ్లు. పోయినవాళ్లు రికార్డు చేసి వదిలిన మాటలు ఒక్కొక్కటే వింటూ, అక్కడ ఏం జరిగిందో మనమే తెలుసుకోవాలి. వీటన్నిటి వెనక షోడాన్ అనే యంత్ర మేధ, గొంతుతోనే వణికిస్తుంది. 2007లో ప్రపంచమంతా మెచ్చుకున్న 'బయోషాక్'కు తల్లివేరు ఇదే.

అంత గొప్ప ఆట కొందామంటే దొరకదు. పాత ఆటల్ని కొత్త కంప్యూటర్లలో నడిచేలా సరిచేసి అమ్మే పోలండ్ సంస్థ జీఓజీ. కిక్ అక్కడ వెదికాడు. ఫలానా ఆట తెచ్చిపెట్టండని జనం అడిగే జాబితాలో అది అగ్రస్థానంలో ఉంది. అమ్మకానికి మాత్రం లేదు. గ్వాటెమాలాలో కూర్చుని అతను ఆరా తీయడం మొదలుపెట్టాడు. అసలు కథ అక్కడ మొదలైంది.

లుకింగ్ గ్లాస్ 2000 మే 24న మూతపడింది. ఆట బయటికొచ్చి ఏడాది కూడా కాలేదు. సంస్థ పోయాక దాని ఆస్తులు ఎవరికో ఒకరికి చెందాలి కదా. ఆట తాలూకు కాపీరైట్ ఓ బీమా సంస్థ చేతికి పోయింది. మెడోబ్రూక్ అనే బీమా గ్రూపులోని స్టార్ ఇన్సూరెన్స్ కంపెనీ అది. ప్రమాదాలకూ నష్టాలకూ పాలసీలు రాసే సంస్థ. 'సిస్టమ్ షాక్' అన్న పేరు, అంటే ట్రేడ్‌మార్క్, మాత్రం ఆటను మార్కెట్లోకి తెచ్చిన ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ దగ్గర ఉండిపోయింది. లోపలి సరుకు ఒకరిది, పైన పేరు ఇంకొకరిది. ఒకరు కాదంటే రెండోవాళ్లు ఏమీ చేయలేరు. బీమా కంపెనీకి ఆటలు అమ్మే అలవాటు లేదు. ఎలక్ట్రానిక్ ఆర్ట్స్‌కు తన దగ్గర లేని కోడ్ మీద ఆసక్తి లేదు. ఇలా పన్నెండేళ్లు గడిచాయి.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల్లో ఈ చిక్కును ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. సాగర్ ఎడమ కాల్వ కింద బంగారంలాంటి పొలం ఉంటుంది. తాత ఎప్పుడో సాదా బైనామా మీద, అంటే రిజిస్ట్రేషన్ లేని తెల్లకాగితం మీద కొన్నాడు. దున్నుతున్నది మనవడు. రికార్డులో పేరు ఇంకెవరిదో. 2017లో భూరికార్డుల ప్రక్షాళన జరిగినప్పుడు అలాంటి భూముల్ని చాలావరకు, వివాదాలున్నవాటి జాబితా అయిన పార్ట్-బిలో పెట్టారు. పొలం ఎక్కడికీ పోలేదు, నీళ్లు వస్తూనే ఉన్నాయి. పాస్‌పుస్తకం రాదు, బ్యాంకు అప్పు పుట్టదు, అమ్ముదామంటే రిజిస్ట్రేషన్ కాదు. ధరణి పోర్టల్ వచ్చినా, దాని స్థానంలో 2025 ఏప్రిల్‌లో భూభారతి వచ్చినా, తహసీల్దారు ఆఫీసు మెట్ల మీద ఆ ఫైలు పట్టుకుని నిలబడ్డ మనుషుల్ని మనం చూస్తూనే ఉన్నాం. 'సిస్టమ్ షాక్ 2' అచ్చంగా పార్ట్-బిలో పడిన ఆట.

కిక్ ఆ బీమా కంపెనీకి ఉత్తరం రాశాడు. అప్పటికి అతనికి కంపెనీ లేదు, పెట్టుబడి లేదు, చేతిలో ఉద్యోగం కూడా లేదు. దేశం కాని దేశంలో ఉన్నాడు. అలాంటి మనిషి ఉత్తరానికి జవాబు వస్తుందని ఎవరూ అనుకోరు. వచ్చింది. కంపెనీ న్యాయవాది రాశాడు, మూడో 'సిస్టమ్ షాక్' తయారుచేస్తావా అని. చేయగల స్తోమత అతనికి లేదు. అదే మాట దాచకుండా చెప్పి, ఉన్న రెండో ఆటనే మళ్లీ జనంలోకి తెస్తానన్నాడు. ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ దగ్గర మిగిలిపోయిన హక్కులు కూడా అప్పటికే తమకు వచ్చేశాయని న్యాయవాది చెప్పాడు. ముడి విడిపోయింది. జీఓజీ అమ్మడానికి ముందుకొచ్చింది. కిక్ నైట్ డైవ్ స్టూడియోస్ అని ఓ కంపెనీ పెట్టాడు.

ఇంకో అడ్డంకి మిగిలింది. హక్కులు దొరికినంత మాత్రాన పదమూడేళ్ల నాటి కోడ్ కొత్త విండోస్‌లో నడవదు. ఆ సమస్యను అంతకు కొద్ది నెలల ముందే, 2012 సెప్టెంబర్‌లో, 'ల కోర్బో' అనే మారుపేరుతో ఎవరో తీర్చేశారు. ఫ్రెంచి భాషలో కాకి అని అర్థమట. ఆ పేరు మీద ఓ సవరణ ఫైలు బయటికొచ్చింది. దాన్ని వేసుకుంటే ఆట కొత్త కంప్యూటర్ మీద హాయిగా నడుస్తుంది. ఎవరు రాశారో తెలియదు. పేరు కోసం రాలేదు, డబ్బు అడగలేదు. 2013 ఫిబ్రవరి 14న 'సిస్టమ్ షాక్ 2' తిరిగి అమ్మకానికి వచ్చినప్పుడు దానికి ప్రాణం పోసింది ఆ సవరణే.

ఈ కథలో నాకు అందరికంటే గొప్పవాడిగా కనిపించేది ఆ బీమా కంపెనీ న్యాయవాది. ముక్కూమొహం తెలియని కుర్రాడి ఉత్తరాన్ని చెత్తబుట్టలో పడేయలేదు. మా దగ్గర ఏముందో చూసుకుని చెప్పాడు, నీ దగ్గర ఏముందని అడిగాడు. అతను చేసింది అంతే. ఆ ఒక్క జవాబు మీద నైట్ డైవ్ నిలబడింది. తర్వాత మొత్తం 'సిస్టమ్ షాక్' హక్కులు కొనుక్కుంది, 2023 మే నెలలో మొదటి ఆటను పునాదుల నుంచి తిరగరాసి విడుదల చేసింది. అదే ఏడాది అటారీ ఆ సంస్థను కొనుగోలు చేసింది.

ఆ ఆట ఎక్కడా కొనడానికి దొరకని రోజుల్లో మన దగ్గర ఏం జరుగుతోందో కూడా చెప్పాలి. 'సిస్టమ్ షాక్' లాంటి పేర్లు ఇక్కడికి పెద్దగా చేరలేదు. 2003, 2004 ప్రాంతాల్లో సూర్యాపేట బస్టాండు చుట్టుపక్కల, మిర్యాలగూడ సాగర్ రోడ్డులో, కోదాడలో ఇంజినీరింగ్ విద్యార్థులు తిరిగే వీధుల్లో నెట్ సెంటర్లు వెలిశాయి. గంటకు పది, పదిహేను రూపాయలు. ప్లైవుడ్ అడ్డుగోడలు, బరువైన మానిటర్లు, వేసవిలో కరెంటు పోతే ఒక్కసారిగా లేచే గోల. అక్కడ రాజ్యమేలినవి రోడ్ రాష్, ఐజీఐ, కౌంటర్ స్ట్రైక్, అన్నిటికంటే మిన్నగా వైస్ సిటీ. కొన్న సీడీలు కావవి. మార్కర్‌తో పేరు రాసిన కాపీ సీడీలు. ఒరిజినల్ డబ్బా ఎలా ఉంటుందో చూసినవాళ్లే అరుదు. తప్పే. అయినా ఆ కాపీ సీడీలు లేకపోతే కోదాడ కుర్రాడికి కంప్యూటర్ మీద మోజు పుట్టేదే కాదు. ఆ మోజుతో ప్రోగ్రామింగ్ నేర్చుకుని హైదరాబాద్, అక్కణ్నుంచి సియాటెల్ వెళ్లినవాళ్లు మన వీధుల్లోనే ఉన్నారు.

ఆ తరం ఇప్పుడు నలభైకి దగ్గరపడింది. సొంత డబ్బుతో వైస్ సిటీ కొనుక్కుని పిల్లలకు చూపిద్దామనుకుంటే, అది ఆ వైస్ సిటీ కాదు. కారెక్కితే రేడియోలో మోగే మైకేల్ జాక్సన్ పాటలు లేవు. ఆట 2002 నాటిది. పాటలకు తీసుకున్న అనుమతులు శాశ్వతమైనవి కావు. 2012 చివర్లో సంగీత హక్కుల తగాదాతో ఆటను కొన్నాళ్లు స్టీమ్ అనే ఆన్‌లైన్ అంగడి నుంచే తీసేశారు. పాటలు కోసేశాక తిరిగి పెట్టారు. 2021లో ఇంకో తగాదా. కొందరు అభిమానులు ఆట ప్రోగ్రాం ఎలా పనిచేస్తుందో వెనక్కి విప్పుకుంటూ వెళ్లి, కొత్త యంత్రాల మీద నడిచే కోడ్ తామే రాశారు. బొమ్మలూ పాటలూ ఇవ్వలేదు. అసలు ఆట కొన్నవాళ్ల దగ్గరే అది నడుస్తుంది. హక్కుదారు టేక్-టూ ఆ ఫిబ్రవరిలో కోడ్‌ను ఇంటర్నెట్ నుంచి దింపించింది. సెప్టెంబర్‌లో ఆ కుర్రాళ్ల మీద కాలిఫోర్నియా కోర్టులో దావా వేసింది. అక్కడ కనీసం యజమాని ఎవరో తెలుసు. మంచో చెడో, మాట్లాడటానికి మనిషి ఉన్నాడు.

మనిషే దొరకకపోతే ఏమవుతుందన్నది ఈ యథార్థ గాథలో రెండో భాగం.

'సిస్టమ్ షాక్ 2' విజయం తర్వాత కిక్, అతని సహచరుడు లారీ కుపర్‌మన్ ఇంకో ఆట మీద చూపు నిలిపారు. 'నో వన్ లివ్స్ ఫరెవర్'. 2000 నవంబర్‌లో వచ్చింది. 1960ల నాటి గూఢచారి కథ. కేట్ ఆర్చర్ అనే స్కాట్లాండ్ యువతి కథానాయిక. ఆడపిల్లవి, నీకెందుకీ పని అనే పై అధికారుల మధ్య ఆమె తెలివితేటలతో నెగ్గుకొస్తుంది. శత్రుసైనికులు కూడా కాపలా కాస్తూ తమలో తాము కబుర్లు చెప్పుకుంటారు. తలుపు చాటున నక్కి ఆ కబుర్లు వినడమే ఓ సరదా. చేసింది మోనోలిత్ ప్రొడక్షన్స్. వాషింగ్టన్ రాష్ట్రంలోని కర్క్‌లాండ్ ఊరు వాళ్లది. మైక్రోసాఫ్ట్ ఉండే రెడ్‌మండ్ పక్కనే. ఇవాళ తెలుగువాళ్లు వేలల్లో ఉంటున్న చోటు.

దీని హక్కుల వంశవృక్షం గీయబోతే తల తిరుగుతుంది. మొదటి ఆటను ఫాక్స్ ఇంటరాక్టివ్ ప్రచురించింది. 2002లో రెండో ఆటను వివెండి వారి సియెర్రా ప్రచురించింది. 2003లో ఫాక్స్ ఇంటరాక్టివ్‌ను వివెండి కొంది. 2004లో మోనోలిత్‌ను వార్నర్ బ్రదర్స్ కొంది. 2008లో వివెండి ఆటల వ్యాపారం ఆక్టివిజన్‌లో కలిసిపోయింది. ప్రతి అమ్మకంలోనూ పెద్ద పెద్ద ఆస్తుల లెక్క తేల్చుకున్నారు, ఈ ఆట ఏ వాటాలోకి వెళ్లిందో రాసుకున్నవాళ్లు లేరు.

నైట్ డైవ్ వాళ్లు ఆట సోర్స్ కోడ్ సంపాదించారు. 2014లో ఆ పేరు మీద ట్రేడ్‌మార్క్‌కు దరఖాస్తు పెట్టారు, ఎవరైనా ముందుకొస్తారని. వార్నర్ అభ్యంతరం దాఖలు చేసింది. మంచిదే, యజమాని దొరికాడనుకుని మాట్లాడబోయారు. మేం ప్రచురించం, మీతో కలిసి చేయం అన్నది వార్నర్ జవాబు. ఫాక్స్‌ను అడిగారు. తేలలేదు. ఆక్టివిజన్‌ను అడిగారు. అక్కడ వచ్చిన జవాబును కుపర్‌మన్ 2015లో ఓ విలేకరికి చెప్పాడు. కొన్ని హక్కులు తమ దగ్గర ఉండొచ్చని వాళ్లు అనుకుంటున్నారు, కానీ ఆ కాగితాలు కంప్యూటర్లోకి ఎక్కించే అలవాటు రాకముందువి, అంటే ఒప్పందం ఎక్కడో ఒక పెట్టెలో ఉంది. ఏ పెట్టెలోనో తెలియదు. అందులో తమ పేరుందో లేదో కూడా గట్టిగా చెప్పలేరు.

నైట్ డైవ్ చేతులెత్తేసింది. కోడ్ ఉంది, చేసేవాళ్లున్నారు, కొనేవాళ్లున్నారు. మాది అని చెప్పేవాడు లేడు, మాది కాదు అని చెప్పేవాడూ లేడు. ఆ ఏడాది ఆగిన పని ఇవాళ్టికీ ఆగే ఉంది. అమెరికా చట్టం ప్రకారం కంపెనీల పేరు మీద ఉన్న కృతులకు ప్రచురించిన నాటి నుంచి 95 ఏళ్ల రక్షణ. అంటే 2095 చివరిదాకా. ఆ ఆట చేసినవాళ్లూ, ఆడినవాళ్లూ అప్పటికి ఎవరుంటారు?

ఇది ఒక్క ఆట గోడు కాదు. 2023 జూలైలో వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్, సాఫ్ట్‌వేర్ ప్రిజర్వేషన్ నెట్‌వర్క్ కలిసి లెక్క తీశాయి. 2010కి ముందు అమెరికాలో విడుదలైన ఆటల్లో 87 శాతం ఇప్పుడు మార్కెట్లో కొనడానికి దొరకవు. గ్రంథాలయాలు తమ దగ్గరున్న పాత ఆటల్ని పరిశోధకులకు ఇంటి నుంచే చూసే వీలు కల్పిస్తామని అడిగితే, 2024 అక్టోబర్‌లో అక్కడి కాపీరైట్ కార్యాలయం కుదరదంది.

మన సినిమాకూ ఇదే దెబ్బ తగిలింది. 1957 మార్చి 27న విడుదలైన 'మాయాబజార్'కు రంగులద్దాలన్న సంకల్పం హైదరాబాద్‌లోని గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్‌కు కలిగింది. 2007 నవంబర్‌లో ఆ సంస్థ విజయా వాహినీ వారి 14 సినిమాల నెగటివ్ హక్కులు కొన్నది. ఆ సంస్థకు చెందిన జగన్‌మోహన్ ఆధ్వర్యంలో 165 మంది ఎనిమిది నెలలు కంప్యూటర్ల ముందు కూర్చున్నారు. లక్షా ఎనభై వేల ఛాయలు వాడారు. అరిగిపోయిన శబ్దాన్ని శుభ్రం చేసి డీటీఎస్‌లోకి మార్చారు. సుమారు ఏడున్నర కోట్లు ఖర్చయింది. 2010 జనవరి 30న 45 థియేటర్లలో విడుదలైతే జనం పండగ చేసుకున్నారు. మిగతా పదమూడు సినిమాలకూ అదే భాగ్యం పడుతుందని అందరం ఎదురుచూశాం. పట్టలేదు. నిర్మాతల్లో చాలామంది నెగటివ్ హక్కుల్ని టీవీ ఛానళ్లకు అమ్మేసి పట్టు వదులుకున్నారనీ, ఎవరైనా ఏదైనా చేయబోతే యాజమాన్యం, కాపీరైట్ తగాదాలు వచ్చిపడుతున్నాయనీ, అందుకే మిగతావి చేయడం లేదనీ జగన్‌మోహన్ చెప్పారు. రంగులద్దే చేతులు హైదరాబాద్‌లోనే ఉన్నాయి. డబ్బు తిరిగొస్తుందని రుజువయింది. కాగితం దగ్గర ఆగిపోయింది.

ఈ విషయంలో మన చట్టం అమెరికా చట్టం కంటే ఓ అడుగు ముందుంది. ఆ సంగతి ఎక్కువమందికి తెలియదు. 1957 నాటి కాపీరైట్ చట్టంలో 31ఎ అనే సెక్షన్ ఉంది. 2012 సవరణతో దాని పరిధి పెరిగింది. ఒక కృతి జనానికి అందకుండా ఉండి, రచయిత ఎవరో తెలియకపోయినా, హక్కుదారు ఎక్కడున్నాడో దొరకకపోయినా, దాన్ని ప్రచురించడానికి అనుమతి ఇమ్మని ఎవరైనా దరఖాస్తు పెట్టుకోవచ్చు. ముందుగా పత్రికలో ప్రకటన ఇవ్వాలి. నిర్ణయించిన రాయల్టీని ప్రభుత్వ ఖాతాలో జమచేయాలి. అసలు యజమాని తర్వాత వస్తే ఆ డబ్బు తీసుకుంటాడు. ఎవరికీ అన్యాయం జరగదు, కృతి బతుకుతుంది. ఇంత చక్కని ఏర్పాటును వాడుకున్నవాళ్లు బహు తక్కువ. 'నో వన్ లివ్స్ ఫరెవర్' లాంటి దానికి ఇది కూడా నేరుగా అక్కరకు రాదు. యజమానులు కనపడకుండా పోలేదు, భవనాలు కట్టుకుని కళ్లెదుటే ఉన్నారు. నోరు విప్పరు, అంతే. అభ్యంతరం చెప్పే హక్కు వాడుకున్నవాడు, గడువులోగా తన పత్రం కూడా చూపాలన్న నియమం ఏ దేశ చట్టంలోనైనా ఉండి తీరాలి. మన పల్లెలో పొలం గట్టు మీద కర్ర పాతి అడ్డం నిలబడ్డవాణ్ని తహసీల్దారు ముందు అడిగేది అదే కదా, నీ కాగితం ఏది అని.

ఇటీవలి సంగతులు రెండున్నాయి. మోనోలిత్‌ను వార్నర్ బ్రదర్స్ 2025 ఫిబ్రవరిలో మూసేసింది. కేట్ ఆర్చర్‌ను పుట్టించిన ఇల్లు ఇప్పుడు లేదు.

రెండోది మనవాడికి సంబంధించింది. ఆక్టివిజన్‌ను మైక్రోసాఫ్ట్ 2023 అక్టోబర్ 13న సొంతం చేసుకుంది. 6,870 కోట్ల డాలర్ల ఒప్పందం. హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన సత్య నాదెళ్ల నడుపుతున్న సంస్థ అది. ఆ కొనుగోలుతో పాటు ఎన్నో పాత ఆటలు మైక్రోసాఫ్ట్ గూటికి చేరాయి. వాటిలో 'జోర్క్' ఒకటి. 1970ల చివర్లో అమెరికాలోని ఎంఐటీ విద్యార్థులు రాసిన ఆట. బొమ్మలుండవు, అన్నీ అక్షరాలే. తెల్ల ఇంటి ముందు నిలబడ్డావు, ఏం చేస్తావని అడుగుతుంది. 2025 నవంబర్ 20న మైక్రోసాఫ్ట్ మూడు 'జోర్క్' ఆటల సోర్స్ కోడ్‌ను ఎవరైనా చదువుకుని వాడుకునేలా అధికారికంగా విడుదల చేసింది. కోదాడలో కాలేజీ కుర్రాడు కూడా ఇవాళ దాన్ని దింపుకుని, లోపల ఏముందో వరస వరసా చదవొచ్చు, తెలుగులో మాట్లాడేలా మార్చుకోవచ్చు. లాభం ఆశించి చేసిన పని కాదది. మనసుంటే ఎంత తేలికో చూపించింది.

కుపర్‌మన్ చెప్పిన పెట్టె ఎక్కడైనా ఉంటే, ఇప్పుడది మైక్రోసాఫ్ట్ సొత్తు. కర్క్‌లాండ్‌కు రెడ్‌మండ్ కూతవేటు దూరం. మన జిల్లాల నుంచి వెళ్లిన ఇంజినీర్లు ఆ సంస్థలో చాలామందే ఉన్నారు, వాళ్లలో నెట్ సెంటర్లలో పెరిగినవాళ్లూ ఉన్నారు. వాళ్లలో ఒక్కరైనా ఆ పెట్టె సంగతి లోపల కదపాలని నేను కోరుతున్నాను. ఒప్పందం దొరికి అందులో ఆక్టివిజన్ పేరుంటే ఆ హక్కును నైట్ డైవ్ లాంటి వాళ్లకు ఇవ్వండి. లేకపోతే మాది కాదని ఒక కాగితం రాసివ్వండి. ముగ్గురిలో ఒకరు పక్కకు తప్పుకున్నా, ఇద్దరితో మాట్లాడుకుంటే సరిపోతుంది.